కంప్యూటర్ క్లాసులో మొదటి పాఠం కాలం లెక్కే కావాలి

హాస్టల్ పూర్వ విద్యార్థులం కొందరం కలిసి నెలకు రెండు ఆదివారాలు తమ్ముళ్ళకు కంప్యూటర్ క్లాసు చెబుతున్న సంగతి ఈ సంచిక చదివే చాలామందికి తెలుసు. క్లాసు మొదలైన దగ్గర్నుంచీ మాలో మాకే ఒక వాదన నడుస్తోంది. ప్రోగ్రామింగులో మొట్టమొదట ఏం చెప్పాలి? పుస్తకాలన్నీ తెర మీద 'హలో వరల్డ్' అని రాయించడంతో మొదలవుతాయి. ఆ తర్వాత రెండు అంకెలు కూడటం, సరి సంఖ్యా బేసి సంఖ్యా చెప్పటం, ఆరు సబ్జెక్టుల మార్కులు కలిపి ఫస్టు క్లాసో సెకండ్ క్లాసో తేల్చటం. ఇవి తప్పని మేము అనటం లేదు. కాకపోతే వీటిని చేసిన పిల్లవాడికి "ఇది నాకెందుకు?" అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. మా అభిప్రాయం ఏమిటంటే, మొదటి నెలంతా కాలం లెక్కలే చెప్పాలి. ఒక గంటకీ ఇంకో గంటకీ మధ్య ఎంత, ఒక తేదీకీ ఇంకో తేదీకీ మధ్య ఎంత అని కంప్యూటర్ చేత సరిగ్గా చెప్పించటం. ఇది చిన్న విషయంగా కనబడుతుంది. కానే కాదు. అందులోనూ మన పిల్లలకు అసలే కాదు.

ఎందుకో చెప్పాలంటే కంప్యూటర్ కంటే ముందు పొలం దగ్గరకు వెళ్ళాలి. మన అమ్మానాన్నలు చేసిన పనికి గడియారం లేదు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా ఒక దినం. మన ప్రాంతంలో జూన్ నెలలో పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో సుమారు 11 గంటలు. దినం కూలి మాత్రం పొద్దుతో పాటు పెరగదు. అంటే 'దినం' అనే కొలత ఎండాకాలం సాగుతుంది, సాగిన ముక్క ఆసామికి పోతుంది. ఏడాది జీతగాళ్ళ సంగతి ఇంకా విచిత్రం. ఉగాది నుంచి ఉగాదికి జీతం మాట్లాడుకున్నారనుకోండి. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న. మొదటి 'ఏడాది' 384 రోజులు, రెండో 'ఏడాది' 355 రోజులు. తేడా 29 రోజులు. అధికమాసం వచ్చిన ఏడు నెల రోజుల చాకిరీ అదనం. దానికి జీతం కావాలంటే జీతగాడు నోరు తెరిచి అడగాలి. అడిగే ధైర్యం ఎంతమందికి ఉండేదో మన తాతల్ని అడగండి.

కొలత ఎవరి చేతిలో ఉంటే లాభం వాళ్ళది. ఈ సంగతి బాగా తెలిసిన మనిషి బాబాసాహెబ్ అంబేద్కర్. వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబర్‌గా ఉండి 1946లో ఆయన ప్రవేశపెట్టిన ఫ్యాక్టరీల సవరణ బిల్లు పని వేళల్ని వారానికి 54 గంటల నుంచి 48 గంటలకు తగ్గించింది. ఏప్రిల్ 14న మనం ఆయన రాజ్యాంగం గురించే మాట్లాడుకుంటాం కానీ, ఈ ఆరు గంటల గురించి కూడా మాట్లాడుకోవాలి. 'పొద్దు' అనే సాగే కొలత స్థానంలో 'గంట' అనే సాగని కొలతను పెట్టటం అంటే మాటలు కాదు. గంటలు వచ్చాక వాటిని కూడేవాడు కావాలి. మొన్నటిదాకా ఆ కూడేవాడు మేస్త్రీ, గుమస్తా. ఇప్పుడు కంప్యూటర్.

కంప్యూటర్ కూడితే తప్పు రాదు కదా అంటారు. క్లాసులో మేము చూపించే మొదటి లెక్క ఇదే. ఒక గోడౌన్‌లో ప్యాకింగ్ పని. రోజుకు 7 గంటల 45 నిమిషాలు, వారానికి ఆరు రోజులు, గంటకు 60 రూపాయలు. వేళ్ళ మీద లెక్కేసినా 46 గంటల 30 నిమిషాలు వస్తుంది, కూలి 2790 రూపాయలు. ఇప్పుడు ఆ ఆరు గడులనూ ఎక్సెల్‌లో గంటలు-నిమిషాలుగా నింపి కింద మొత్తం వేయండి. మామూలు టైమ్ ఫార్మాట్‌లో తెర మీద కనబడేది 22:30. ఎందుకంటే ఆ ఫార్మాట్‌కు తెలిసింది గడియారమే. గడియారం 24 దాటితే మళ్ళీ సున్నాకు వస్తుంది. 46:30 లోంచి ఒక రోజు మింగేసి మిగిలింది చూపిస్తుంది. దాన్ని నమ్మి గుమస్తా కూలి కడితే 1350 రూపాయలు. 1440 రూపాయలు గాలిలో కలిసిపోయాయి. ఇందులో ఎవరూ దొంగతనం చేయలేదు. గంటల అక్షరాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టాలని తెలియకపోవటమే కారణం. అలా పెడితే 46:30 అనే కనబడుతుంది. వాచ్‌మన్ రోజుకు 12 గంటల చొప్పున ఆరు రాత్రులు కాపలా కాస్తే మొత్తం 72 గంటలు, అంటే సరిగ్గా మూడు రోజులు. మామూలు ఫార్మాట్‌లో తెర మీద 0:00 అని వస్తుంది! వారమంతా నిద్ర లేకుండా కూర్చున్న మనిషికి సున్నా. ఈ లెక్క చూపించిన రోజు క్లాసులో ఎవరూ కునికిపాట్లు పడరు.

ఇంకో తమాషా. ఆ మొత్తాన్ని నేరుగా 60తో గుణిస్తే 116 రూపాయల 25 పైసలు వస్తుంది. ఎక్సెల్ లోపల కాలాన్ని గంటల్లో దాచదు, రోజుల్లో దాచుతుంది. 46 గంటల 30 నిమిషాలంటే దానికి 1.9375 రోజులు. ముందు 24తో గుణించి గంటలుగా మార్చి, ఆ తర్వాత రేటుతో గుణించాలి. పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది: కంప్యూటర్‌లో ఉండేది ఒక అంకె, మనం చూసేది దాని వేషం.

పైథాన్ భాషలోనూ ఇదే ఉచ్చు ఇంకో రూపంలో ఉంది. రెండు సమయాలను తీసివేస్తే 'టైమ్‌డెల్టా' అనే వస్తువు వస్తుంది. కాలవ్యవధి అన్నమాట. అది లోపల రోజులు, సెకండ్లు, మైక్రోసెకండ్లు అని మూడు ముక్కలుగా ఉంటుంది. 26 గంటల వ్యవధిని తీసుకుని దాని 'సెకండ్స్' ఎంత అని అడిగితే 7200 అని చెబుతుంది, అంటే రెండు గంటలు. మిగతా 24 గంటలు 'డేస్' అనే ఇంకో అరలో కూర్చుని ఉంటాయి. మొత్తం కావాలంటే 'టోటల్ సెకండ్స్' అని అడగాలి. అప్పుడు 93,600 వస్తుంది. పేర్లు రెండూ ఒకేలా ఉంటాయి. ఒక రోజు లోపు వ్యవధులతో పరీక్షించి చూసినంతకాలం జవాబులూ ఒకేలా ఉంటాయి. డబుల్ డ్యూటీ చేసినవాడి దగ్గరే తేడా పడుతుంది. తప్పు ఎప్పుడూ ఎక్కువ పని చేసినవాడి నెత్తినే పడటం మేము గమనించిన విషయం.

రాత్రి షిఫ్టు సంగతి చెప్పనవసరం లేదు. పదింటికి ఎక్కి ఆరింటికి దిగితే 6 లోంచి 22 తీసేయాలి, జవాబు మైనస్ 16. ఎక్సెల్ గడి నిండా హాష్ గుర్తులు పరిచి ఊరుకుంటుంది. చాలామంది చేసే వైద్యం, మైనస్ వస్తే 24 కలపటం. ఎనిమిది వచ్చేస్తుంది, సంతోషం. కానీ 24 గంటలు దాటి డ్యూటీ చేసినవాడికి ఈ వైద్యం పనిచేయదు. ఎక్కిన తేదీ, దిగిన తేదీ కూడా రాసుకోవటమే సరైన పద్ధతి. రిజిస్టరులో ఇంకొక్క గడి గీయటానికి బద్ధకించి ఇన్ని కష్టాలు.

ఇక్కడే మేము పిల్లలకు ఒక తేడా నేర్పిస్తాం. 'సాయంత్రం ఆరు' అనేది ఒక క్షణం. 'ఆరు గంటలు' అనేది ఒక వ్యవధి. తెలుగులో రెంటికీ గంట అనే మాటే వాడతాం కాబట్టి పిల్లలు మొదట కంగారు పడతారు. "ఆరు గంటలకు వచ్చాడు", "ఆరు గంటలు ఉన్నాడు". ఒక్క అక్షరం తేడా. రెండు క్షణాలను తీసివేస్తే వ్యవధి వస్తుంది. క్షణానికి వ్యవధి కలిపితే ఇంకో క్షణం వస్తుంది. రెండు క్షణాలను కూడితే ఏమీ రాదు. అది ఊరూ ఊరూ కూడటం లాంటిది. మంచి ప్రోగ్రామింగ్ భాష అలా కూడనివ్వదు, తప్పు చూపించి ఆపేస్తుంది. ఆ ఆపటం మనకు శత్రువు కాదని కూడా అప్పుడే చెప్పాలి.

వ్యవధుల్లో మళ్ళీ రెండు జాతులున్నాయి. గంట, నిమిషం, సెకను సాగవు. నెల, ఏడాది సాగుతాయి. జనవరి 31కి ఒక నెల కలిపితే ఏ తేదీ? జావా భాష ఫిబ్రవరి 28 అంటుంది, లీపు సంవత్సరమైతే 29. దానికి మళ్ళీ ఒక నెల కలిపితే మార్చి 28 లేదా 29. జనవరి 31కి ఒకేసారి రెండు నెలలు కలిపితే మార్చి 31. ఒకటీ ఒకటీ కలిపితే రెండు కాకుండా పోయే చోటు ఇదొకటి! 2014లో వచ్చిన జావా 8 ఈ రెండు జాతులకూ రెండు వేర్వేరు పేర్లు పెట్టింది. గంటల్లో సెకండ్లలో కొలిచేది 'డ్యూరేషన్', ఏళ్ళలో నెలల్లో రోజుల్లో కొలిచేది 'పీరియడ్'. అంతకుముందు జావాలో ఈ తేడా లేక, తేదీల మధ్య మిల్లీసెకండ్లు తీసి 8 కోట్ల 64 లక్షలతో భాగించి రోజులు తేల్చుకునేవాళ్ళం. పంచాంగం తెలిసిన వాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. వాళ్ళ ఘడియ ఎప్పుడూ 24 నిమిషాలే, తిథి మాత్రం ఒకనాడు 20 గంటలుంటే ఇంకోనాడు 26 గంటలుంటుంది. ఒకటి డ్యూరేషన్, రెండోది పీరియడ్ బంధువు.

రోజు సంగతేమిటి? రోజు సాగుతుందా? మన దేశంలో సాగదు. అందుకే మన దగ్గర చదువుకున్నవాళ్ళు రోజంటే 24 గంటలని గుడ్డిగా నమ్ముతాం. కాకినాడ దగ్గరగా వెళ్ళే 82.5 డిగ్రీల రేఖాంశం మీద దేశమంతటికీ ఒకటే సమయం. ఏడాదిలో గడియారం ముందుకూ వెనక్కూ జరిపే అలవాటు మనకు లేదు. 1942-45 యుద్ధకాలంలో ఒక గంట ముందుకు జరిపారు, అంతే. కానీ హైదరాబాద్‌లో కూర్చుని రాసే ప్రోగ్రాములు చాలావరకు అమెరికాలో నడుస్తాయి. అక్కడ 2007 నుంచి మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు జరుగుతూ వస్తోంది. 2024 నవంబరు 2 శనివారం రాత్రి పదింటికి న్యూయార్క్ ఆసుపత్రిలో డ్యూటీ ఎక్కి ఆదివారం ఉదయం ఆరింటికి దిగిన నర్సు చేసింది ఎనిమిది గంటలు కాదు, తొమ్మిది. గడియారాలను చూసి తీసివేస్తే ఎనిమిదే వస్తుంది. పైథాన్‌లో అయితే రెండు సమయాలకూ న్యూయార్క్ టైమ్‌జోన్ తగిలించి తీసివేసినా ఎనిమిదే వస్తుంది. రెంటికీ ఒకే టైమ్‌జోన్ ఉంటే అది గడియారం ముళ్ళనే చూస్తుంది. రెంటినీ ముందు యూటీసీలోకి మార్చి తీసివేస్తే తొమ్మిది వస్తుంది. పూర్వ విద్యార్థుల్లో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళు చాలామంది ఈ గంట ముందు తల పట్టుకున్నవాళ్ళే. ఆ నర్సు కూడా ఎవరింటి ఆడబిడ్డో అనుకుని ఆ గంటను సరిచేయాలి.

ఇప్పుడు మనకు మరీ దగ్గరి విషయం. వయసు.

ఉద్యోగాల నోటిఫికేషన్లలో ఫలానా తేదీకి ఇన్నేళ్ళు నిండి ఉండకూడదు అని ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు సడలింపు ఉంటుంది. ఆ అంచు దాకా వెళ్ళి పరీక్ష రాసేవాళ్ళు ఎవరు? మధ్యలో చదువు మానేసి కూలికి పోయి మళ్ళీ చేరినవాళ్ళు, చెల్లెలి పెళ్ళి చేసి అప్పు తీర్చాక పుస్తకం పట్టినవాళ్ళు. మనవాళ్ళే. ఆ అంచు దగ్గర ఒక్క రోజు తప్పు పోయినా కాలేది మన ఇల్లే. వయసు లెక్కించే ప్రోగ్రాములు చాలావరకు ఎలా ఉంటాయంటే, రెండు తేదీల మధ్య రోజులు తీసి 365తో భాగిస్తారు. 1985 జూలై 10న పుట్టిన మనిషిని తీసుకోండి. 2024 జూలై 1 నాటికి అతనికి 39 నిండలేదు, ఇంకా తొమ్మిది రోజులుంది. రోజులు లెక్కపెడితే 14,236. 365తో భాగిస్తే 39 దాటిపోతుంది. మధ్యలో పది ఫిబ్రవరి 29లు వచ్చాయి, వాటిని ఈ భాగహారం పట్టించుకోలేదు. 39 నిండకూడదన్న నిబంధన ఉంటే ఆ మనిషి దరఖాస్తు తలుపు దగ్గరే ఆగిపోతుంది. ఎవర్నడగాలో కూడా తెలియదు, తెర మీద 'అర్హత లేదు' అన్న ఎర్ర అక్షరాలు తప్ప.

అయితే 365.25తో భాగిద్దాం అంటారు తెలివైన తమ్ముళ్ళు. సరే. 2001 జనవరి 1న పుట్టిన అమ్మాయికి 2019 జనవరి 1న 18 నిండాయి. మధ్య రోజులు 6574. 365.25తో భాగిస్తే 17.99. ప్రోగ్రామ్ 17 అంటుంది, ఓటరు జాబితాలో పేరుండదు. ఏడాదిని ఏ అంకెతో భాగించినా ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు పడిపోతారు. భాగహారమే వద్దు. ముందు సంవత్సరాలు తీసివేసి, ఈ ఏడాది పుట్టినరోజు ఇంకా రాకపోతే ఒకటి తగ్గించాలి. మన నాయనమ్మ లెక్క ఇదే. జావాలో పీరియడ్ చేసేదీ ఇదే, 1985 మనిషికి అది 38 అనే చెబుతుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మనలో ఎంతమంది పుట్టినరోజులు జూన్ 1, జూలై 1? ఒకసారి హాజరు రిజిస్టరు తిరగేయండి. బడిలో చేర్చేటప్పుడు అమ్మకు తేదీ తెలియక, "పెద్ద తుఫానొచ్చిన ఏడు" అంటే హెడ్మాస్టారు తనకు తోచింది వేసినవే అవన్నీ. మనకు వేసిన పుట్టినరోజు, నోటిఫికేషన్లు వాడే కటాఫ్ తేదీ చాలాసార్లు ఒకటే అవుతాయి. అంటే మనం సరిగ్గా అంచు మీద పుట్టించబడ్డాం! ఆ అంచు మీద చట్టం ఏమంటుందో చూడండి. 1956 జనవరి 2న పుట్టిన ఒక అభ్యర్థికి 1984 జనవరి 1 నాటికి 28 ఏళ్ళు నిండాయా లేదా అని రాజస్థాన్ సర్వీసు కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1986లో కోర్టు, పుట్టిన రోజును కూడా పూర్తి రోజుగా లెక్కించాలి కాబట్టి జనవరి 1తోనే 28 నిండాయి, అర్హత లేదు అంది. జావా పీరియడ్‌ను అడిగితే 27 ఏళ్ళ 11 నెలల 30 రోజులు అంటుంది. మెజారిటీ చట్టమేమో 18వ వార్షిక దినం మొదలవగానే మైనారిటీ తీరిందంటుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు నెలాఖరున రిటైరవుతారు, కానీ ఒకటో తేదీన పుట్టినవాళ్ళు అంతకు ముందు నెలాఖరుకే దిగిపోవాలి. హెడ్మాస్టారు జూలై 1 అని కాకుండా జూలై 2 అని వేసి ఉంటే ఒక నెల జీతం ఎక్కువ వచ్చేది. ఆ నల్ల సిరా చుక్క ఖరీదు ఎంతో ఆయనకు తెలిసి ఉండదు.

అందుకే "లైబ్రరీ ఉంది కదా, అదే లెక్కేస్తుంది" అన్న మిత్రుల మాటతో మేము ఏకీభవించం. లైబ్రరీ సరిగ్గానే లెక్కేస్తుంది. ఏ లెక్క అడగాలో దానికి తెలియదు. ఇప్పుడు అడిగితే ప్రోగ్రామ్ మొత్తం రాసిపెట్టే కృత్రిమ మేధ ఫోన్లలోకి వచ్చింది కాబట్టి ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాల్సి వస్తోంది. వయసు లెక్కించే ప్రోగ్రామ్ రాయమంటే అది క్షణంలో రాస్తుంది. ఒకటో తేదీన పుట్టినవాడి సంగతేమిటి అని అడగవలసింది మనం. ఆ ప్రశ్న ఒకటో తేదీన పుట్టినవాడికే ముందు తోస్తుంది.

మన హాస్టల్ లెక్కే ఒకటి తీసుకుందాం. శనివారం సాయంత్రం ఐదింటికి ఊరెళ్ళి సోమవారం ఉదయం తొమ్మిదింటికి వచ్చిన విద్యార్థి ఎన్ని రోజులు లేడు? తేదీలను తీసివేస్తే రెండు. పూర్తిగా లేని రోజులు లెక్కపెడితే ఆదివారం ఒక్కటే. రిజిస్టరులో అతను లేని తేదీలు ఎన్ని అంటే మూడు. వార్డెన్ గారిని అడిగితే ఒకటి, వంట మనిషిని అడిగితే ఐదు పూటలు, ఆడిట్‌కు వచ్చినాయన ఏమంటారో ఆయనకే తెలుసు. ఒకటి, రెండు, మూడు, ఐదు, నాలుగూ నిజమే. హాజరును బట్టి మెస్ బిల్లు వచ్చే చోట ఏ నిజం రాసుకుంటామన్నదే ప్రశ్న. మొదటి రోజు కలుస్తుందా, చివరి రోజు కలుస్తుందా అని ముందే కాగితం మీద రాయకుండా ప్రోగ్రామ్ మొదలుపెట్టవద్దని క్లాసులో మా ఏకైక కఠిన నియమం.

మొదలూ చివరా ఎక్కడ పెడతామన్న దాని మీద దేశమంతా జరిగిన పెద్ద తగాదా ఉపాధి హామీది. మస్టరు మూసిన 15 రోజుల్లో కూలి రావాలి, రాకపోతే 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం అని ఆ పథకం నియమం. కూలి 3000 అయితే రోజుకు రూపాయిన్నర. పెద్ద మొత్తం కాదు, ఆలస్యం జరిగిందని ఒప్పుకోవటమే అందులో విలువ. అయితే ఆలస్యాన్ని లెక్కించే పద్ధతి మండల స్థాయిలో చెల్లింపు ఉత్తర్వు తయారైన రోజుతో గడియారాన్ని ఆపేసేది. అక్కడ నుంచి డబ్బు కూలీ ఖాతాలో పడేదాకా పట్టిన కాలం లెక్కలోకే వచ్చేది కాదు. 2018 మే నెలలో స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు ఆ విభజన చెల్లదని, రెండో దశ ఆలస్యానికి కూడా ప్రభుత్వానిదే బాధ్యత అని చెప్పింది. తీసివేత సరిగ్గానే జరిగింది. తీసివేసే రెండో తేదీని ఎక్కడ పెట్టారన్నదే తప్పు. బ్యాంకు ముందు క్యూలో నిలబడి వచ్చిన అమ్మకు ఇది ఎవరూ వివరించనక్కర్లేదు, ఆమెకు చివరి తేదీ అంటే డబ్బు చేతిలో పడ్డ తేదీయే.

పెద్ద అంకెల తగాదా కొంచెం పైతరగతుల వాళ్ళకు చెబుతాం. జావాలో మామూలు పూర్ణాంకం పట్టేది 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 వరకే. 24 రోజులను మిల్లీసెకండ్లలోకి మారిస్తే 207 కోట్ల 36 లక్షలు, పడుతుంది. 25 రోజులు 216 కోట్లు, పట్టదు. నెల రోజుల గడువు పెట్టిన ప్రోగ్రామ్ గడువు మొదలవకముందే తీరిపోయిందంటుంది, ఎందుకంటే పొంగిపోయిన అంకె మైనస్ అవుతుంది. ఇదేదో బడిపిల్లల తప్పు అనుకోకండి. బోయింగ్ 787 విమానాన్ని 248 రోజులు ఆపకుండా విద్యుత్తు మీద ఉంచితే జనరేటర్లను నడిపే యూనిట్లు ఆగిపోవచ్చని 2015లో అమెరికా విమానయాన సంస్థ ఉత్తర్వు ఇచ్చింది. సెకనులో వందో వంతు చొప్పున లెక్కపెడితే ఆ 214 కోట్లు నిండేది 248 రోజుల చిల్లరకే.

అన్నింటికంటే మేము ఎక్కువసేపు చెప్పేది దహ్రాన్ కథ. 1991 గల్ఫ్ యుద్ధంలో సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో అమెరికా సైన్యం పేట్రియాట్ క్షిపణులను పెట్టింది. ఆ కంప్యూటర్ తాను మొదలైన దగ్గర్నుంచీ ఎంతసేపైందో సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెట్టేది. ఆ అంకెను 0.1తో గుణించి సెకండ్లు చేసేది. మనకు 0.1 అంటే చిన్న అంకె. ఒకట్లూ సున్నాలతో రాసే కంప్యూటర్‌కు అది మన మూడో వంతు లాంటిది, ఎంత రాసినా తెగదు. 24 బిట్ల దగ్గర కోసేశారు. కోతలో పోయింది ఒక్కో లెక్కకు సుమారు 0.000000095 సెకను. ఎవరు పట్టించుకుంటారు? కానీ ఆ యంత్రాన్ని ఆపకుండా సుమారు 100 గంటలు నడిపారు. పదో వంతులు 36 లక్షలయ్యాయి. తప్పు 0.34 సెకను. వచ్చే స్కడ్ క్షిపణి సెకనుకు 1600 మీటర్ల పైచిలుకు వేగంతో వస్తుంది. 0.34 సెకనులో అది అర కిలోమీటరు దాటిపోతుంది. పేట్రియాట్ వెతకాల్సిన చోట కాకుండా ఇంకో చోట వెతికింది. ఫిబ్రవరి 25న స్కడ్ వచ్చి బ్యారక్ మీద పడింది. 28 మంది సైనికులు చనిపోయారు. ఈ లెక్కను బోర్డు మీద పిల్లల చేతనే వేయిస్తాం: 36 లక్షలు ఇంటూ 0.000000095. కాలాన్ని భిన్నాలలో కాకుండా పూర్ణాంకాలలో, అన్నింటికంటే చిన్న ప్రమాణంలో దాచుకోవాలని ఆ తర్వాత వేరే చెప్పనక్కర్లేదు.

"ఇంటర్వ్యూలకు పనికొచ్చేవి చెప్పండి, ఈ కూలి లెక్కలెందుకు" అని మాలోనే కొందరి అభ్యంతరం. వారి ఆదుర్దా మాకు తెలుసు. ఇంట్లో వాళ్ళు ఎదురుచూస్తుంటారు, మొదటి జీతం తొందరగా రావాలి. కానీ ఇంటర్వ్యూలో మనవాడు తడబడేది జవాబు తెలియక కాదు, ఇంగ్లీషులో అడిగిన ప్రశ్న తన బతుకులోది కాదనిపించి. నర్సు షిఫ్టు లెక్క, మస్టరు లెక్క చేసిన పిల్లవాడికి ఏ కంపెనీ పేరోల్ అయినా కొత్తగా ఉండదు.

వచ్చే విద్యా సంవత్సరం నుంచి మొదటి నాలుగు క్లాసులూ ఇలాగే నడపాలని మా ప్రతిపాదన. ఇందుకు పూర్వ విద్యార్థుల నుంచి డబ్బు అడగటం లేదు. మీ ఇళ్ళలో ఉన్న పాత మస్టరు కాగితాలు, ఓవర్‌టైమ్ స్లిప్పులు, 'వయసు మించింది' అని తిరిగొచ్చిన దరఖాస్తులు ఉంటే పేర్లు కనబడకుండా జిరాక్స్ తీసి పంపండి. పిల్లలు వాటి మీదే ప్రోగ్రాములు రాస్తారు. లెక్క తేడా వస్తే ఎంత తేడా, ఏ తేదీ దగ్గర వచ్చిందీ రాసి తిరిగి పంపిస్తాం. 1985 జూలై 10 లెక్కను మాత్రం ఈ సంచిక చదివే తమ్ముళ్ళు ఇప్పుడే కాగితం మీద వేసి చూడండి, ఫిబ్రవరి 29లు పదీ దొరికాయో లేదో.